రెన్యూవల్ అంటే తెలుగులో ఏంటన్నా?



పోయిన వారం తిరువూరు బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో కూర్చున్నాను. మా పల్లె పిల్ల ఒకమ్మాయి స్కాలర్‌షిప్ పని మీద వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. నెట్ సెంటర్ అబ్బాయి స్క్రీన్ మీద నుంచి కళ్ళు తిప్పకుండానే "ఫ్రెషా, రెన్యూవలా?" అనడిగాడు. ఆ పిల్ల నావైపు తిరిగి "అన్నా, రెన్యూవల్ అంటే తెలుగులో ఏంటి?" అంది.

నేను నోరు తెరిచేలోపే, జిరాక్సుల కోసం వెనక కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి అందుకున్నాడు. "పొడిగింపమ్మా. పదేళ్ళకని ఇచ్చారు, డెబ్బై అయిదేళ్ళయింది, ఇంకా పొడిగిస్తానే ఉన్నారు." అని నవ్వాడు. నెట్ సెంటర్ అబ్బాయీ నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. రెన్యూవల్ అని చెప్పి ఆధార్ కార్డు తీసిచ్చింది.

నేను ఆయనతో పోట్లాడలేదు. ఫారం సగంలో ఉంది, సర్వర్ ఎప్పుడు పడిపోతుందో తెలీదు. కానీ ఒకటి గమనించండి. ఆ పిల్ల అడిగింది స్కాలర్‌షిప్ ఫారంలో ఉన్న ఒక మాటకి అర్థం. ఆయన జవాబు చెప్పింది రిజర్వేషన్ గురించి. మన పిల్లల చేతిలో ఏ కాగితం ఉన్నా వాళ్ళ కళ్ళకి ఆ ఒక్కటే కనిపిస్తుంది. ఆ పిల్లకి అప్పుడు చెప్పలేని జవాబు ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

ఇంగ్లీషులో అది ఒక్కటే మాట. తెలుగులోకి దిగేసరికి దానికి కులం వస్తుంది. ఊళ్ళో గుడి పాతబడితే చేసేది జీర్ణోద్ధరణ. చెరువుకీ, పాత కోటకీ, లైసెన్సుకీ పేపర్లో రాసేది పునరుద్ధరణ. మన సీట్ల సంగతి వచ్చేసరికి అదే పేపర్లో పొడిగింపు. స్కాలర్‌షిప్ దగ్గరైతే తెలుగు చెయ్యడానికే ఎవరూ పూనుకోలేదు, రెన్యూవల్ అని వదిలేశారు. ఉద్ధరణ అన్న మాటలో పైకెత్తడం ఉంది. పొడిగింపులో ఏముంది? అయిపోవాల్సినదాన్ని ఇంకాస్త సాగదీయడం. వెళ్ళిపోవాల్సిన చుట్టం ఇంకో పూట ఉండిపోయినట్టు.

మా పల్లెలో మాత్రం ఈ తరహా మాటలకి కొదవ లేదు. చర్చి గోడ మీద ఏటా ఉజ్జీవ సభల పోస్టర్లు పడతాయి. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర పునరుత్థానం గురించి పాస్టరుగారు గొంతు పోయేదాకా చెప్తారు. అయితే 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా అని ఒకటుంది. దాని ప్రకారం హిందువులే ఎస్సీలు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు, మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీ. అంటే కాగితం మీద ఉజ్జీవం పొందినవాడికి ఎస్సీగా రెన్యూవల్ ఉండదు. దీని మీద మా వాడలో ఒక జోకు నడుస్తుంటుంది. పాస్టరుగారు ఇది చదువుతారు కాబట్టి రాయట్లేదు.

ఈ మాటకి సరైన తెలుగు నాకు మా అమ్మమ్మ దగ్గర దొరికింది. ఆమెకి అక్షరం ముక్క రాదు.

మా వైపు ప్రోనోటు తెలియని ఇల్లు ఉండదు. పెద్దమ్మ పెళ్ళికి అమ్మమ్మ ఊళ్ళో ఒక ఆసామి దగ్గర అప్పు చేసింది. నోటు రాసి, రెవెన్యూ స్టాంపు మీద వేలిముద్ర వేయించారు. నోటుకి చట్టం ఇచ్చిన ఆయుష్షు మూడేళ్ళు. ఆ మూడేళ్ళలోపు దావా అన్నా వెయ్యాలి, అప్పుందని రాతపూర్వకంగా మళ్ళీ ఒప్పించుకోనన్నా ఒప్పించుకోవాలి, ఎంతో కొంత జమ కట్టించుకుని నోటు వెనకాల చెల్లు అన్నా వేయించుకోవాలి. ఏదీ జరక్కపోతే కాలదోషం పడుతుంది. ఇక ఆ నోటు పట్టుకుని కోర్టుకెళ్ళినా లాభం లేదు.

ఆ ఆసామి మామూలు రోజుల్లో పల్లెలో అడుగు పెట్టే మనిషి కాదు. పనుంటే కబురంపేవాడు, మేమే వెళ్ళి వాళ్ళ దొడ్డి గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళం. నోటు తిరగరాయాల్సిన ఏడు మాత్రం ఆయనే సంచిలో కాగితం, స్టాంపు, సిరా డబ్బీ పెట్టుకుని మా గుమ్మం దాకా నడిచొచ్చేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు, అది వేరే సంగతి. నిలబడే రాయించుకునేవాడు. మూడేళ్ళ వడ్డీ అసల్లో కలిసిపోయేది, కొత్త నోటు మీద పెద్ద అంకె పడేది, అమ్మమ్మ బొటనవేలు నల్లబడేది.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "అప్పు చేసింది మనం కదా అమ్మమ్మా, ఆయనెందుకు ఇంత దూరం వచ్చాడు?"

"నోటు పాతబడితే నష్టం ఎవుడికిరా? ఇచ్చినోడికి. అప్పు తీరలేదని నా చేత మళ్ళా ఒప్పించుకోటానికి వచ్చాడు" అంది.

తిరగరాయడం. రెన్యూవల్‌కి మన వాడలో ఉన్న తెలుగు ఇదే. అందులో దయ లేదు, ధర్మం లేదు, పొడిగింపు అసలే లేదు. బాకీ ఇంకా ఉందని బాకీదారు వేలిముద్ర వేసి ఒప్పుకోవడం ఉంది.

ఇప్పుడు పెద్దమనిషి చెప్పిన పదేళ్ళ సంగతి చూద్దాం. ఈ మాట కాలేజీ క్యాంటీన్లో మీరూ వినే ఉంటారు. కొందరు లెక్చరర్లే క్లాసులో అంటారు. రాజ్యాంగంలో పదేళ్ళ గడువు ఉన్నది 334వ అధికరణంలో. అది లోక్‌సభలో, శాసనసభల్లో సీట్ల రిజర్వేషన్‌కి సంబంధించింది. చదువుల్లో రిజర్వేషన్ 15(4) కింద, ఉద్యోగాల్లో 16(4) కింద వస్తుంది. ఆ రెండింటికీ రాజ్యాంగం ఏ గడువూ పెట్టలేదు. మన తిరువూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం కాబట్టి ఆ గడువు మన ఎమ్మెల్యే సీటుకి ఉంది. ఆ అమ్మాయి డిగ్రీ సీటుకి లేదు. ఈ ఒక్క ముక్క నోటికి పెట్టుకోండి, సగం వాదన అక్కడే తేలిపోతుంది.

ఆ 334 కూడా తెరిచి చదవండి. పొడిగింపు అన్న అర్థం వచ్చే మాట అందులో లేదు. ఫలానా అన్నేళ్ళు గడిచాక ఈ ఏర్పాటు ఆగిపోతుంది అని ఉంది, అంతే. 1950 జనవరి 26 నుంచి లెక్క. పది దగ్గర ఇరవై రాశారు, ఇరవై కొట్టేసి ముప్పై రాశారు. 1959, 1969, 1980, 1989, 1999, 2009, 2019. ఏడుసార్లు తిరగరాశారు. చివరిది 104వ సవరణ, దాంతో ఎనభై అయింది. అదే సవరణలో ఆంగ్లో ఇండియన్లని సభలకి నామినేట్ చేసే ఏర్పాటుని మాత్రం తిరగరాయకుండా వదిలేశారు. 2020 జనవరిలో అది ఆగిపోయింది. ఎక్కడా పెద్దగా చప్పుడు లేదు. రాయకపోతే ఏమవుద్దో చూడాలంటే అది చూడండి.

1949 ఆగస్టు 25న ఈ గడువు మీద రాజ్యాంగ సభలో మాట్లాడుతూ అంబేడ్కర్ ఏమన్నారు? ఎస్సీలకి ఇంకా ఎక్కువ కాలం కోసం పట్టుబట్టడానికి తాను సిద్ధమేనన్నారు. మిగతా మైనారిటీలకి ఎప్పటినుంచో ప్రాతినిధ్యం ఉందని, ఎస్సీలకి 1935 చట్టంతో గానీ రాలేదని, అదీ 1937లో మొదలై 1939లో ఆగిపోయిందని లెక్క చెప్పారు. పదేళ్ళు అన్నది ఆయన కోరిక కాదు, ఆయన ఒప్పుకోవాల్సి వచ్చిన అంకె. "అంబేడ్కరే పదేళ్ళు చాలన్నాడు" అని ఎవరన్నా అంటే ఆ రోజు చర్చ తీసి చూపించండి, ఇంటర్నెట్లో ఉంది.

సరే, నోటు అంటున్నాను, బాకీ అంటున్నాను. అసలు అప్పెప్పుడు జరిగింది? ఇది చెప్పకపోతే నేను ఊరికే మాటల గారడీ చేసినట్టవుద్ది.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డులో మనకి రాష్ట్రాల శాసనసభల్లో 71 ప్రత్యేక స్థానాలు వచ్చాయి. వాటిలో మనవాళ్ళని మనమే ఎన్నుకుంటాం, ఆపైన జనరల్ సీట్లలో ఇంకో ఓటు కూడా ఉంటుంది. సెప్టెంబరు 20న గాంధీ యరవాడ జైల్లో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. దేశమంతా అంబేడ్కర్ మీద పడింది. 24న పూనా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మనం ఆ ప్రత్యేక ఓటు ఇచ్చేశాం. బదులుగా 148 రిజర్వుడు సీట్లు, అందరూ కలిసి ఓటేసే పద్ధతిలో. నోటు భాషలో చెప్పాలంటే ప్రతిఫలం ముట్టింది. వాళ్ళకి ముట్టింది. మన చేతిలో ఉన్న అస్త్రాన్ని వాళ్ళు ఆ రోజే పుచ్చుకున్నారు. బాకీ మిగిలింది వాళ్ళ వైపు.

ఆ ఒప్పందంలో పదేళ్ళు అన్న మాట ఉంది. కానీ దేనికి? ముందుగా మన ఓటర్లు మాత్రమే నలుగురు అభ్యర్థుల్ని ఎంచే ప్రాథమిక ఎన్నిక అని ఒక పద్ధతి పెట్టారు, పదేళ్ళ గడువు దానికి. రిజర్వుడు సీట్ల గురించి ఆరో క్లాజు ఏం చెప్పిందంటే, ఈ ఒప్పందంలో ఉన్న రెండు పక్షాలూ పరస్పరం ఒప్పుకుని వేరే నిర్ణయం చేసేదాకా అవి కొనసాగుతాయని. అంటే మొదటి నోటులో తారీకు లేదు. ఇచ్చినవాడు సరేనన్న రోజున తీరినట్టు. తారీకు పదిహేడేళ్ళ తర్వాత రాజ్యాంగంలో వచ్చి కూర్చుంది.

అదే ఒప్పందంలో తొమ్మిదో క్లాజు ఉంది, దాన్ని మనవాళ్ళు కూడా మర్చిపోతారు. ప్రతి రాష్ట్రంలో విద్యకిచ్చే నిధుల్లోంచి అణగారిన వర్గాల చదువుకి సరిపడా సొమ్ము విడిగా తీసి పెట్టాలని. కాబట్టి ఆ పెద్దమనిషి తెలియకుండానే ఒక నిజం చెప్పాడు. ఆ పిల్ల ఫారం, మన ఊరి సీటు ఒకే నోటులోవి. 1942లో వైస్రాయ్‌కి ఇచ్చిన వినతిపత్రంలో అంబేడ్కర్ మన పిల్లల చదువుకి డబ్బు అడిగారు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. అది ఏ ముఖ్యమంత్రి పేరుతో ఏ పథకంగా ఎన్నిసార్లు పేరు మార్చుకున్నా, మూలం అది. ఇవాళ అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం.

ఇక్కడ నా పోలికలో ఒక చిక్కుంది, దాచను. మా అమ్మమ్మ విషయంలో నోటు అప్పిచ్చినవాడి బీరువాలో ఉండేది. గడువు ఎప్పుడో ఆయనకి తెలుసు, నెల ముందే వచ్చేవాడు. మన నోటు మాత్రం బాకీపడ్డవాడి బీరువాలో ఉంది. వాడే తీస్తాడు, వాడి ఇంట్లోనే వాడే తిరగరాసుకుంటాడు, రాసి బయటికొచ్చి "ఇదిగో, మీకు ఇంకో పదేళ్ళు ఇచ్చాం" అంటాడు. మనం చప్పట్లు కొట్టి పాలాభిషేకాలు చేస్తాం. 2019 డిసెంబరులో 104వ సవరణ వచ్చినప్పుడు నేనూ ఒక పూలదండ మోశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మీలో చాలామంది అడిగే ప్రశ్న నాకు తెలుసు. ఈ సీట్ల కోసం ఇంత బాధెందుకన్నా, గెలిచినోళ్ళు ఎవరి గుమ్మం దగ్గర నిలబడుతున్నారో చూట్లేదా అని. చూస్తూనే ఉన్నాను. రిజర్వుడు నియోజకవర్గంలో పుట్టి పెరిగినవాడికి ఇది చెప్పక్కర్లేదు. టికెట్ ఎవరికివ్వాలో మన ఓటు చెప్పదు, మండలాల్లో పెత్తనం చేసే కులాల పెద్దలు చెప్తారు. గెలిచాక మనవాడు సంతకం పెడతాడు, ఫైలు ఇంకొకరు చదువుతారు. ఇది మొదట చెప్పింది నేనూ కాదు, మీరూ కాదు. 1955లో అంబేడ్కర్ పార్టీయే, షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్, ఈ రిజర్వుడు సీట్లు రద్దు చెయ్యమని తీర్మానం చేసింది. 1982లో పూనా ఒప్పందానికి యాభై ఏళ్ళు నిండినప్పుడు కాన్షీరాం చెంచాల యుగం అని ఏకంగా పుస్తకమే రాశారు.

అయితే వాళ్ళెవరూ బాకీ లేదనలేదు. ఇచ్చిన నాణెం చెల్లదన్నారు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. రద్దు చెయ్యమని అంబేడ్కర్ పార్టీ అడగడం అప్పిచ్చినవాడు అడగడం. అదే మాట నెట్ సెంటర్లో పెద్దమనిషి అడిగితే అది నోటు చింపేయమనడం.

రాజ్యాంగ సభలో మద్రాసు నుంచి ఎస్. నాగప్ప అనే షెడ్యూల్డు కులాల సభ్యుడు ఉండేవారు. ఆయన లెక్క సూటిగా చెప్పారు. ప్రతి హరిజన కుటుంబానికి పదెకరాల మాగాణి, ఇరవై ఎకరాల మెట్ట, పిల్లలందరికీ యూనివర్సిటీ దాకా ఉచిత చదువు, సివిల్, సైనిక శాఖల కీలక పదవుల్లో అయిదో వంతు ఇవ్వండి, రిజర్వేషన్ వదులుకోవడానికి నేను సిద్ధం అన్నారు. ఎంతమంది మనవాళ్ళకి ఈ పేరు తెలుసు? అసలు ఎంతో తేల్చి చెప్పినవాడు ఆయన. ఇంకెన్నాళ్ళు అని ఎవరడిగినా నేను ఈ మధ్య నాగప్పగారి లెక్కే చెప్తున్నాను. పదెకరాల మాగాణి మాట వినగానే అవతలివాళ్ళకి వేరే పని గుర్తొస్తుంది.

ఇంకెన్నాళ్ళు అన్న ప్రశ్న కూడా అందరికీ ఉండదు. 2019 జనవరిలో 103వ సవరణతో అగ్రకులాల్లో పేదలకి 10 శాతం ఇచ్చారు. గడువు లేదు. బాగానే ఉంది, చదువుల్లో మనకీ లేదు. కానీ ఆ కోటాలో సీటొచ్చిన పిల్లాణ్ణి ఎవరన్నా నెట్ సెంటర్లో ఇంకెన్నాళ్ళురా అన్నారా? 2022 నవంబరులో ఆ కోటాని సమర్థిస్తూ తీర్పిచ్చిన రోజునే, రిజర్వేషన్లకి ఒక కాలపరిమితి ఉండాలని ఇద్దరు న్యాయమూర్తులు రాశారు. కొత్త గదికి గృహప్రవేశం చేస్తూ పాత గది కూల్చే ముహూర్తం గురించి మాట్లాడినట్టుంది నాకైతే.

తర్వాతి తారీకు 2030 జనవరి. 2029లో గెలిచిన సభలు వాటి గడువు అయ్యేదాకా నడుస్తాయి, అందుకే ఆ రోజు ఎవరికీ ఏమీ తేడా కనిపించదు. కాలదోషం ఎప్పుడూ అలాగే పడుతుంది, చప్పుడు లేకుండా. 104వ సవరణ చెల్లుతుందా లేదా అన్నది పరిశీలిస్తామని 2023లో సుప్రీంకోర్టు అయిదుగురి ధర్మాసనం అంది. కాబట్టి ఏడుసార్లు జరిగింది ఎనిమిదోసారీ దానంతటదే జరిగిపోతుందని నిద్రపోకండి. తిరగరాయాలంటే పార్లమెంటులో ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, ఆపైన సగం రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకోవాలి. అంటే మన రాష్ట్రంలో ఉన్న 29 మంది ఎస్సీ, ఏడుగురు ఎస్టీ ఎమ్మెల్యేల ముందుకీ ఆ కాగితం వస్తుంది.

నేననేది ఏంటంటే, ఈసారి పొడిగించండని అర్జీ పెట్టొద్దు. కలెక్టరేట్ ముందు ఆ బ్యానర్ కట్టొద్దు. నోటు తిరగరాసే ఏడు అప్పిచ్చినవాడే గుమ్మం ముందుకెళ్తాడు, కాగితం తనే పట్టుకెళ్తాడు, అసలూ వడ్డీ లెక్కగట్టి అంకె తనే చెప్తాడు. మన కాగితంలో ఏం రాయాలో ఇప్పటినుంచే తేల్చుకోవాలి. భూమి సంగతేంటి? ప్రత్యేక ఓటు కాకపోయినా, రిజర్వుడు సీట్లో గెలవాలంటే దళితుల ఓట్లలో కనీసం ఇంత వాటా రావాలన్న షరతు పెట్టగలమా? స్కాలర్‌షిప్ ఏటా ఆలస్యమైతే దానికి వడ్డీ ఎవరు కడతారు? మనలో మనం పంచుకునే వర్గీకరణ లెక్క కూడా ఉంది, దాన్ని దాటేసి పోవట్లేదు, దానికి విడిగా ఒక వారం కావాలి. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఏ.కొండూరు, నాలుగు మండలాల హాస్టళ్ళలో ఈ చర్చ పెడదాం. కుర్చీలు అక్కర్లేదు, కింద కూర్చుందాం.

నిన్న రాత్రి ఆ పిల్ల ఫోన్ చేసింది. రెన్యూవల్ ఆగిపోయిందట. హాజరు 75 శాతం ఉండాలి, కాలేజీవాళ్ళు 71 అని ఎక్కించారు. మామిడి కాపు రోజుల్లో అమ్మకి తోడు కోతకెళ్ళింది, ఆ రోజులు పోయాయి. ఫీజు డబ్బు రాలేదు కాబట్టి పరీక్ష ఫీజు కట్టించుకోమని కూడా చెప్పారట.

"అన్నా, ఆ పెద్దాయన చెప్పినట్టు పొడిగింపు అనుకుంటే బతిమాలాలి. నువ్వేమో తిరగరాయడం అంటున్నావు. మరి సోమవారం నాతోపాటు కాలేజీకొస్తావా?"

వస్తున్నాను. పొద్దున పదింటికి బస్టాండు దగ్గర కలుస్తాం. దగ్గర్లో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా స్కాలర్‌షిప్ నిబంధనలు చదివినవాళ్ళు, రండి. నిబంధనల కాపీ ఒకటి ప్రింటు తీసుకురండి, మా నెట్ సెంటర్లో ఇంకు అయిపోయింది.

జై భీమ్.